రందికి ఎక్స్‌రే లేదు

గత నెలలో ఒక సాయంత్రం గోలేటిలోని మా ఇంటికి నర్సింగ్ చదువుతున్న ఒక అమ్మాయి వచ్చింది. తండ్రి ఓపెన్‌కాస్టులో డంపర్ ఆపరేటర్. చదువులో భాగంగా ఆమె ఒక చిన్న పరిశోధన చేయవలసి ఉంది. ఎంచుకున్న అంశం: జనరల్ ఆస్పత్రి ఔట్‌పేషెంట్లలో మానసిక సమస్యలు. చేతిలో పన్నెండు ప్రశ్నల పత్రం, దానికి ఎవరో చేసిన తెలుగు అనువాదం. మూడు రోజులు ఓపీ దగ్గర కూర్చొని వంద మందిని ప్రశ్నించి, ఎంత శాతం మందికి మానసిక సమస్యలున్నాయో తేల్చాలన్నది ఆమె ఆలోచన.

"వందే ఎందుకమ్మా?" అని అడిగాను.

"వంద అయితే శాతం లెక్క తేలిక సార్" అంది నిజాయితీగా.

నవ్వు వచ్చింది, కాని ఎంతోసేపు నిలవలేదు. సుమారు ముప్పై ఏళ్ల క్రితం, బొగ్గు గనుల ప్రాంతంలోని ఒక ఆస్పత్రిలో పనిచేస్తున్న రోజుల్లో, అచ్చం అలాంటి సర్వేనే నేనూ చేశాను. అవే పన్నెండు ప్రశ్నలు, అదే ఓపీ వరండా. వంద మందిలో ఆరుగురికి మాత్రమే మానసిక సమస్య ఉన్నట్టు నా లెక్క తేల్చింది. ఆ అంకెను నేనే ఒక సమావేశంలో చదివాను. ఆరుగురి కోసం ప్రత్యేకంగా కౌన్సెలర్ ఎందుకని ఒకరు అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు, నేను కూడా. ప్రతిపాదన అక్కడితో ముగిసింది.

ఆ అంకె తప్పని తెలియడానికి నాకు ఏడాది పట్టింది. ఒక కార్మికుడి భార్య, నలభై ఏళ్ల మనిషి, అరికాళ్ల మంటలని తరచూ ఓపీకి వచ్చేది. ప్రతిసారీ కొత్త చీటీ, ప్రతిసారీ బీ కాంప్లెక్స్. నా సర్వేలో ఆమె కూడా ఉంది. అన్ని ప్రశ్నలకూ "ఎప్పటిలెక్కనే" అన్న జవాబే ఇచ్చింది. నేను ఆమెను ఆరోగ్యవంతుల గడిలో వేశాను. ఆ మరుసటి ఏడాది ఒక రాత్రి, ప్రాణం తీసుకోబోయిన స్థితిలో ఆమెను ఆస్పత్రికి తెచ్చారు. అదృష్టవశాత్తు బతికింది. కోలుకున్నాక మంచం పక్కన కూర్చొని, అప్పుడు నేనడిగినప్పుడు ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను.

"మీరు ఎప్పటిలెక్కనే ఉన్నదా అని అడిగిండ్రు సారూ. నాకు ఐదేండ్ల సంది ఇట్లనే ఉన్నది. గందుకే ఎప్పటిలెక్కనే అన్న."

ఆమె అబద్ధం చెప్పలేదు. నా ప్రశ్నే ఆమెను చూడలేకపోయింది. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించి. పరిశోధకుల గొడవ మనకెందుకని మీరు అనుకోవచ్చు. కాని రేపు ఆస్పత్రి వరుసలో మీ చేతికి కూడా ఒక పత్రం రావచ్చు. ఎల్లుండి పత్రికలో "ఇంత శాతం మందికి మానసిక వ్యాధులు" అన్న శీర్షిక మీరే చదవవచ్చు. ఆ అంకెను బట్టే మీ ఊరి ఆస్పత్రికి కౌన్సెలర్ వస్తారో రారో తేలవచ్చు.

ప్రపంచం ఏం లెక్కించింది?

ఈ విషయంలో అందరూ ఆధారంగా తీసుకునే పెద్ద అధ్యయనం ఒకటుంది. 1990ల తొలినాళ్లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లోని 15 కేంద్రాల్లో, సాధారణ వైద్యం కోసం వచ్చిన సుమారు 26,000 మందిని వడపోసి, వారిలో ఐదు వేలకు పైగా మందితో వివరంగా మాట్లాడించింది. మన దేశం నుంచి బెంగళూరు అందులో ఉంది. అన్ని కేంద్రాలూ కలిపి చూస్తే దాదాపు 24 శాతం మందికి స్పష్టంగా నిర్ధారించదగిన మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. బెంగళూరులో అది 22.4 శాతం. అంటే జ్వరమనీ, నడుం నొప్పనీ, గ్యాస్ అనీ వచ్చే ప్రతి నలుగురైదుగురిలో ఒకరు.

ఇదే అధ్యయనంలో మరో రెండు అంకెలు చూడండి. చిలీ రాజధాని శాంటియాగోలో 52.5 శాతం. చైనాలోని షాంఘైలో 7.3 శాతం. ప్రశ్నలు ఒకటే, శిక్షణ ఒకటే, నిర్వచనాలు ఒకటే. ఫలితం మాత్రం ఏడు రెట్లు తేడా. శాంటియాగో మనుషులు షాంఘై మనుషులకంటే ఏడు రెట్లు దుఃఖంలో ఉన్నారని దీనికి అర్థమా? అలా అనుకునే పరిశోధకులు అరుదు. ఏ క్లినిక్‌కు ఎవరు వస్తారు, తమ బాధను ఏ మాటల్లో చెప్పుకుంటారు, అపరిచితుడి ముందు దేనికి ఒప్పుకుంటారు అన్నవన్నీ ఆ తేడాలో కలిసి ఉన్నాయి. అంత ధనం, అంత శ్రమ వెచ్చించిన అధ్యయనానికే ఈ చిక్కు తప్పకపోతే, మూడు రోజుల్లో వంద మందిని అడిగే సర్వే మాట వేరే చెప్పాలా?

అంతకుముందు 1980లో వెలువడిన మరో అధ్యయనం కొలంబియా, భారత్, సూడాన్, ఫిలిప్పీన్స్ దేశాల్లో ప్రాథమిక వైద్యానికి వచ్చిన 1,624 మందిని పరిశీలించింది. 13.9 శాతం మందిలో మానసిక సమస్య కనిపించింది. అక్కడి ఆరోగ్య సిబ్బంది తమంతట తాముగా గుర్తించినది అందులో మూడో వంతు మాత్రమే.

ఇక మన తెలుగు నేల సంగతి. 2015-16లో బెంగళూరు నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో ఇంటింటికీ వెళ్లి జరిపారు. పెద్దవారిలో 10.6 శాతం మందికి ఆ సమయంలో మానసిక సమస్య ఉన్నట్టు చెప్పింది. ఆ 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు, ఆంధ్రప్రదేశ్ లేదు. మన గురించి మాట్లాడేటప్పుడు మనం ఉటంకించే అంకె మనల్ని అడిగి రాసినది కాదని గుర్తుంచుకోవాలి.

జల్లెడ పట్టినంత మాత్రాన బియ్యం కాదు

నా సర్వేలోని పన్నెండు ప్రశ్నల మూలం డేవిడ్ గోల్డ్‌బర్గ్ అనే బ్రిటిష్ మనోవైద్యుడు 1970ల ఆరంభంలో తయారుచేసిన 60 ప్రశ్నల సాధారణ ఆరోగ్య ప్రశ్నావళి. దాని కుదించిన రూపమే ఆ పన్నెండు. ఆ ప్రశ్నావళి అడిగేది మార్పు గురించి: ఈ మధ్య మీకు మామూలుగా ఉండేదానికంటే ఎక్కువగా ఉందా, తక్కువగా ఉందా, అంతేనా అని. కొత్తగా వచ్చిన బాధను అది బాగా పట్టుకుంటుంది. ఏళ్ల తరబడి కుంగిపోయిన మనిషికి ఆ కుంగుబాటే మామూలు అయిపోతుంది. అటువంటివారు దానికి అందకుండా జారిపోతారు. ఈ లోపం నిపుణులకు చాలాకాలంగా తెలిసినదే. నేను మాత్రం పుస్తకంలో చదవలేదు, ఆ తల్లి మంచం పక్కన కూర్చొని నేర్చుకున్నాను.

రెండో విషయం మరింత ముఖ్యం. ఇటువంటి ప్రశ్నావళి జల్లెడ మాత్రమే. అనుమానించవలసిన వారిని వేరు చేస్తుంది, రోగ నిర్ధారణ చేయదు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఓపీకి 500 మంది వచ్చారనుకోండి. వారిలో నిజంగా సమస్య ఉన్నవారు 100 మంది అనుకోండి. మన ప్రశ్నావళి మంచిదే, ఉన్నవారిలో 80 శాతాన్ని పట్టుకుంటుంది, లేనివారిలో 80 శాతాన్ని సరిగ్గా వదిలేస్తుంది. అప్పుడు ఉన్న 100 మందిలో 80 మంది దొరుకుతారు. లేని 400 మందిలో మరో 80 మంది పొరపాటున చిక్కుతారు. మొత్తం 160 మంది. "32 శాతం మందికి మానసిక సమస్యలు" అని పత్రికలో వస్తుంది. నిజం 20 శాతం.

అదే ప్రశ్నావళిని, నిజంగా సమస్య ఉన్నవారు 25 మందే ఉన్న మరో 500 మందికి ఇవ్వండి. ఉన్నవారిలో 20 మంది దొరుకుతారు, లేని 475 మందిలో 95 మంది చిక్కుతారు. మొత్తం 115, అంటే 23 శాతం. నిజం 5 శాతం. చూశారా? ఒకచోట ఉన్నది మరోచోటికి నాలుగు రెట్లు, అయినా అంకెలు మాత్రం అక్కాచెల్లెళ్లలా పక్కపక్కనే కనిపిస్తున్నాయి. అందుకే జల్లెడలో నిలిచినవారితో శిక్షణ పొందిన వ్యక్తి విడిగా కూర్చొని మాట్లాడాలి. జల్లెడ దాటిపోయినవారిలోనూ కొందరిని ఎంచుకొని మాట్లాడాలి. ఈ రెండో పని దాదాపు ఎవరూ చేయరు. చేసి ఉంటే ఆ తల్లి నాకు దొరికేది.

ఓపీలో కనిపించేది ఊరు కాదు

అమెరికాలో జోసెఫ్ బెర్క్‌సన్ అనే వైద్య గణాంకవేత్త 1946లోనే ఒక హెచ్చరిక చేశాడు. ఆస్పత్రికి వచ్చినవారిని మాత్రమే చూసి రెండు జబ్బుల మధ్య సంబంధం తేల్చడం ప్రమాదమన్నాడు. ఒక్క జబ్బు ఉన్నవాడికంటే రెండు ఉన్నవాడు ఆస్పత్రి గుమ్మం తొక్కే అవకాశం ఎక్కువ. అందువల్ల బయట లేని సంబంధం కూడా లోపల ఉన్నట్టు కనబడుతుంది. షుగర్ ఉన్నవారిలో కుంగుబాటు ఎంతో ఓపీ వరుసలో లెక్కించి, ఊరందరికీ వర్తింపజేయడంలో ఉన్న ముప్పు ఇదే.

దీనికి తోడు మరొకటి. వారం వారం వచ్చే మనిషి ఆరు నెలల్లో 26 సార్లు ఓపీలో ఉంటాడు. ఆరు నెలలకు ఒకసారి వచ్చేవాడు ఒక్కసారే ఉంటాడు. మీరు ఏదో ఒక రోజు వెళ్లి కూర్చుంటే మొదటివాడు మీకు తగిలే అవకాశం రెండోవాడికంటే 26 రెట్లు. తరచూ వచ్చేవారిలోనే మనోవేదన ఎక్కువన్నది ప్రతి వైద్యుడికీ అనుభవం. మనం మనుషులను లెక్కిస్తున్నామనుకుంటూ రాకలను లెక్కిస్తాం.

ఇప్పుడు గోలేటికి రండి. రెబ్బెన మండలంలోని ఈ ఊరు సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు కేంద్రం. కాలనీలో ఉండేవారికి కంపెనీ వైద్యం ఉంది. ఖైరిగూడ వంటి ఓపెన్‌కాస్టులో మట్టి తీసే కాంట్రాక్టు కార్మికులు, చుట్టుపక్కల గూడేల్లో గోండి, కోలామి మాట్లాడేవారు, కూలికి వచ్చిన హిందీ మాట్లాడే యువకులు అందరూ ఒకే గుమ్మం తొక్కరు. ఒకరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోతారు, ఒకరు ఆర్ఎంపీ దగ్గరికి, ఒకరు దేవుడు వచ్చే మనిషి దగ్గరికి. షిఫ్టుల సంగతి సరేసరి. ఉదయం పది గంటలకు ఓపీలో కూర్చుంటే మొదటి షిఫ్టు వాడు పనిలో ఉంటాడు, రాత్రి షిఫ్టు వాడు నిద్రలో ఉంటాడు. మీకు దొరికేది ఎక్కువగా ఆడవారు, రిటైరైనవారు, సిక్‌లో ఉన్నవారు. ఆ వంద మందితో "గోలేటి కార్మికుల మానసిక ఆరోగ్యం" అని శీర్షిక పెడితే, అందులో కార్మికుడే ఉండడు.

శరీరం మాట్లాడే భాష

ఓపీకి వచ్చేవారు మనసు బాగాలేదని రారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో కుంగుబాటు ఉన్న 1,146 మందిని విడిగా పరిశీలించి 1999లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, వారిలో 69 శాతం మంది శారీరక బాధలే చెప్పుకొని వైద్యుడి దగ్గరికి వచ్చారు. కేంద్రాన్ని బట్టి ఇది 45 నుంచి 95 శాతం దాకా మారింది. సూటిగా అడిగినప్పుడు కూడా మనసులో ఏ బాధా లేదన్నవారు 11 శాతమే. చెప్పకపోవడం వేరు, లేకపోవడం వేరు అన్నమాట. మరో మాట నన్ను ఎప్పటికీ వదలదు: రోగికీ వైద్యుడికీ నిలకడైన పరిచయం లేని కేంద్రాల్లోనే శారీరక బాధలు మాత్రమే చెప్పడం ఎక్కువగా కనిపించింది. ప్రతిసారీ కొత్త చీటీ, కొత్త డాక్టర్ అయినప్పుడు మనిషి అరికాళ్ల మంటే చెబుతాడు. ఇంటి మంట చెప్పడు.

ఇక్కడే ప్రశ్నావళికి మరో చిక్కు. కుంగుబాటును కొలవడానికి నేడు విస్తృతంగా వాడే తొమ్మిది ప్రశ్నల పత్రంలో నిద్ర, ఆకలి, నీరసం గురించిన ప్రశ్నలున్నాయి. రక్తహీనత ఉన్న స్త్రీకి నీరసం ఉంటుంది. థైరాయిడ్ తగ్గినా ఉంటుంది. మూడు షిఫ్టులు మారే మనిషికి నిద్ర ఎలాగూ చెడుతుంది. దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవాడికి ఆయాసం, గుండెదడ ఉంటాయి, అవి భయాందోళన లక్షణాల్లాగే కనిపిస్తాయి. అలాగని ఆ ప్రశ్నలు తీసేస్తే, శరీరం ద్వారానే మాట్లాడే మన మనుషుల బాధ మొత్తం జారిపోతుంది. ఇంగ్లండులో జిగ్మండ్, స్నెయిత్ అనే ఇద్దరు 1983లో జనరల్ ఆస్పత్రి ఔట్‌పేషెంట్ల కోసమే శారీరక లక్షణాలను పక్కనపెట్టి 14 ప్రశ్నల కొలమానం తయారుచేశారు. మంచి ప్రయత్నం. కాని మనసు గురించి నేరుగా మాట్లాడటం అలవాటైన సమాజానికి అది ఎక్కువ సరిపోతుందని నా అభిప్రాయం. పరీక్షలు చేసి శరీరంలోని కారణాలను వెతకడం, మనసును అడగడం రెండూ కలిసి సాగితేనే ఈ ముడి వీడుతుంది. రక్తపరీక్ష లేని మానసిక సర్వేను నేను సగమే నమ్ముతాను.

భాష సంగతి మరీ సున్నితం. ఆ అమ్మాయి తెచ్చిన అనువాదంలో "నిస్పృహ" అన్న మాట ఉంది. మా పక్కింటి పెద్దాయనను పిలిచి ఆ ప్రశ్న చదివించాను. "అంటే ఏంది సారూ, పూజ లెక్కనా?" అన్నాడు. అదే మనిషిని "ఏమన్న రంది పెట్టుకున్నవా?" అని అడిగితే, కొడుకు ఉద్యోగం దగ్గర మొదలుపెట్టి అరగంట మాట్లాడాడు. ఈ నేల మీద బాధకు దాని మాటలు దానికున్నాయి. రంది, బుగులు, పరేషాన్, ఆగమాగం, పానం మంచిగ లేకపోవడం, మనసున పట్టకపోవడం. వీటిలో ఒక్కోదానికి ఒక్కో బరువు. బుగులు అంటే భయం, రంది అంటే లోపల తొలిచే చింత. పుస్తక భాషలోని ఏ ఒక్క మాటా వీటికి సరిసమానం కాదు. అనువాదాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మార్చి సరిచూసుకోవడం పద్ధతే, కాని అది చదువుకున్న ఇద్దరి మధ్య జరిగే పని. వరుసలో నిలబడ్డ మనిషికి అర్థమైందా లేదా అన్నది ఆ మనిషే చెప్పాలి.

అడిగేదెవరు, వినేదెవరు?

67 దేశాల సమాచారంతో 2017లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం, ప్రాథమిక వైద్యంలో డాక్టర్ రోగితో గడిపే సగటు సమయం బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు, స్వీడన్‌లో 22.5 నిమిషాలు. మన ఓపీలు ఈ రెండింటిలో దేనికి దగ్గరో మీకు తెలుసు. వెనుక ముప్పై మంది నిలబడి ఉండగా, పక్క క్వార్టర్ ఆమె వింటుండగా, భర్త తోడుగా కూర్చొని ఉండగా, "మీకు బతకాలని లేదనిపిస్తోందా?" అని అడిగితే ఏ స్త్రీ అవునంటుంది? భర్తే జవాబు చెప్పేస్తాడు, "గసొంటిదేం లేదు సార్" అని. తాగుడు గురించి అడిగితే, తాగేవాడు అప్పుడప్పుడు అంటాడు, భార్య తల వంచుకుంటుంది. తెల్లకోటు వేసుకున్నవాడు అడిగితే కొందరు మర్యాద కొద్దీ అన్నింటికీ "అవును సార్" అంటారు.

గని ప్రాంతంలో దీనికి మించిన మరో పొర ఉంది. 1955 నాటి గనుల నిబంధనలు గని కార్మికులకు ఐదేళ్లకు మించకుండా వైద్య పరీక్షలు జరపాలని నిర్దేశించాయి. అన్‌ఫిట్ అంటే పని పోవచ్చు, తేలిక పనికి మార్చవచ్చు. మెడికల్ బోర్డు ఇన్వాలిడేషన్ చేస్తే ఇంట్లో ఒకరికి ఉద్యోగం దక్కవచ్చునన్న ఆశ కూడా ఉంటుంది. అంటే ఇక్కడ ఆస్పత్రి కాగితం వట్టి కాగితం కాదు, ఒక కుటుంబపు భవిష్యత్తు. డంపర్ నడిపే యువకుడు తన భయాన్ని దాస్తాడు, స్టీరింగ్ చేజారుతుందని. రిటైర్మెంటుకు దగ్గరపడినవాడు తన బాధను కొంత పెంచి చెప్పవచ్చు. ఇద్దరినీ నేను తప్పుపట్టను. వారి పరిస్థితిలో ఉంటే నేనూ అదే చేసేవాడినేమో. కాని ఆస్పత్రి పుస్తకంలో పేరు రాసుకొని అడిగే ఏ సర్వే అయినా ఈ భయాన్నీ ఈ ఆశనూ కొలుస్తుంది. మనసును కొలవదు.

వైద్యుడి కన్నే కొలబద్ద అనుకుందామా? 2009లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన ఒక విశ్లేషణ 41 అధ్యయనాలను కలిపి చూసింది. సాధారణ వైద్యులు కుంగుబాటు ఉన్నవారిలో దాదాపు సగం మందినే గుర్తించారు. సమస్య లేనివారిలో సుమారు 19 శాతం మందికి ఉందన్నారు. నేనూ ఆ వైద్యులలో ఒకడినే. ఆ తల్లి విషయంలో నా పేరు తప్పిన సగంలో ఉంది.

అయితే చేయవద్దంటారా?

ఆ అమ్మాయి కూడా ఇదే అడిగింది, కాస్త కోపంగా. "ఇన్ని తప్పులుంటే ఇంక చేసుడెందుకు సార్?"

చేయాలి. అంకె లేకపోతే పట్టించుకునేవారు లేరు. తప్పు అంకె ఉంటే పట్టించుకోనివారికి సాకు దొరుకుతుంది. నా ఆరు శాతం చేసిన పని అదే. అందువల్ల చిన్నదైనా సరే, తన హద్దులు తాను చెప్పుకునే పని కావాలి. నేను ఆమెకు చెప్పినవి మీకూ చెబుతాను.

మొదట, వంద మంది వద్దు. పదిహేను మందిని కూర్చోబెట్టుకొని వినమన్నాను. వారి బాధను వారు ఏ మాటల్లో చెబుతారో రాసుకొని, ప్రశ్నలను ఆ మాటల్లో చదివించి, ఏం అర్థమైందో వారినే చెప్పమనాలి. చదువురానివారికి "కొంచెం ఎక్కువ, చాలా ఎక్కువ" అన్న మెట్లకంటే అవును-కాదు ప్రశ్నలు నయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1970లలోనే అటువంటి 20 ప్రశ్నల పత్రాన్ని రూపొందించింది. బాధ ఎప్పటినుంచి ఉందన్న ప్రశ్న తప్పనిసరిగా చేర్చమన్నాను.

రెండు, అన్ని షిఫ్టులకూ, అన్ని వారాలకూ వచ్చేలా రోజులు ఎంచుకోవాలి. గత ఆరు నెలల్లో ఎన్నిసార్లు వచ్చారో ప్రతి ఒక్కరినీ అడిగి, ఆ ప్రకారం లెక్కను సరిదిద్దుకోవాలి. మాట్లాడనన్నవారి సంఖ్య కూడా రాయాలి. నిరాకరించిన ఇరవై మంది, అంగీకరించిన ఎనభై మందికంటే ఎక్కువ చెప్పవచ్చు.

మూడు, గదికి తలుపు ఉండాలి. స్త్రీలతో స్త్రీయే మాట్లాడాలి. తెల్లకోటు విప్పాలి. పత్రం మీద పేరు, ఉద్యోగి నంబరు ఉండరాదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తన మానసిక ఆరోగ్య సమాచారం గోప్యంగా ఉంచబడే హక్కును వ్యక్తికి ఇచ్చింది. సర్వే చేసేవారు ఆ హక్కును తమ మీద ఉన్న బాధ్యతగా తీసుకోవాలి.

నాలుగు, జల్లెడలో నిలిచినవారినీ, జారినవారిలో కొందరినీ శిక్షణ ఉన్నవారితో మాట్లాడించాలి. అది సాధ్యం కాకపోతే "సమస్య ఉన్నవారు" అని రాయవద్దు, "మరింత పరిశీలన అవసరమైనవారు" అని రాయాలి. ఆ రెండు వాక్యాల మధ్య దూరమే శాస్త్రానికీ వదంతికీ మధ్య దూరం.

ఐదోది నా దృష్టిలో అన్నింటికంటే పెద్దది. బతకాలని లేదని ఎవరైనా చెబితే ఆ క్షణంలో ఏం చేస్తావో, ఎవరికి అప్పగిస్తావో ముందే తేల్చుకోకుండా ఆ ప్రశ్న అడగవద్దు. మనిషి గుండె తెరిపించి, జవాబు గడిలో టిక్కు పెట్టి, "నెక్స్ట్" అనడం పరిశోధన కాదు. మందు లేని చోట గాయం విప్పి చూడటం అది.

మీకొక మాట

పాఠకులారా, పద్ధతుల గురించి ఇంత చెప్పిన తరువాత మీ వంతు కూడా ఒకటుంది. ఇకమీదట పత్రికలో శాతం కనిపిస్తే కొన్ని ప్రశ్నలు వేసుకోండి. ఎవరిని అడిగారు? ఎక్కడ, ఎవరి ఎదుట అడిగారు? ఏ భాషలో? ప్రశ్నావళితో ఆగారా, కూర్చొని మాట్లాడారా? వీటికి జవాబు లేని అంకె మీద కోపమూ వద్దు, నమ్మకమూ వద్దు.

మీరే వరుసలో నిలబడితే, అరికాళ్ల మంటలు చెప్పుకోండి, తప్పులేదు. దానితోపాటు ఒక్క వాక్యం అదనంగా చెప్పండి: "సార్, ఇది మొదలైనప్పుడు ఇంట్లో ఇలా జరిగింది" అని. మంచి వైద్యుడికి ఆ ఒక్క వాక్యం చాలు. వరుసలో చెప్పలేకపోతే, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ సేవ ఉంది. 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ అమ్మాయి మొన్న మళ్లీ వచ్చింది. వంద పత్రాలు పక్కన పెట్టింది. పదకొండు మందితో మాట్లాడి వచ్చింది. నోటుబుక్కులో మొదటి పేజీ మీద "రంది" అని రాసి, కింద పదకొండు అర్థాలు రాసింది. అందులో ఒకటి చదివి వినిపించింది. ఒక ముసలమ్మ చెప్పిందట, "రంది అంటే ఏందంటే బిడ్డా, అడిగెటోళ్లు లేకపోవుడు."

నా ముప్పై ఏళ్ల క్రితపు వంద పత్రాల్లో ఇంత సమాచారం లేదు.